ఈబేలో వాడిన స్కూబా గేర్ కొంటున్నారా, బిడ్ వేసేముందు ఇవి చూస్కోండి

ఓపెన్ వాటర్ కార్డు (స్కూబా డైవింగ్ నేర్చుకున్నాక ఇచ్చే మొదటి సర్టిఫికెట్) చేతికొచ్చిన వారంలోనే చాలామంది ఈబే తెరిచి స్కూబా అని కొట్టేస్తారు, నేనూ అదే చేశా. మేం ఉండేది కాలిఫోర్నియా బే ఏరియాలో, డైవింగ్ అంటే మాంటెరే వెళ్ళాలి, వెళ్ళిన ప్రతిసారీ అద్దె కట్టే బదులు సొంత సామాను ఉంటే మేలు కదా అని 140 డాలర్లకి ఒక రెగ్యులేటర్ సెట్ (ట్యాంక్‌లోని గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించేది) వేలంలో గెలిచా. లిస్టింగ్‌లో "రీసెంట్‌గా సర్వీస్ చేయించాం" అని రాశాడు, నేను రసీదు అడగలేదు. డైవ్ షాప్‌కి పట్టుకెళ్తే టెక్నీషియన్ ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో ట్యాంక్‌కి బిగించే భాగం) మూత తీసి, గాలి లోపలికెళ్ళే చోట ఉండే చిన్న ఫిల్టర్ చూపించాడు, పచ్చగా ఉంది. పాత ఇత్తడి బిందెకి పట్టే చిలుం ఉంటుంది చూడండి, అదే రంగు. అంటే ఉప్పునీళ్ళు లోపలికి పోయి చాలాకాలం అలాగే ఉండిపోయాయి. పైగా ఆ మోడల్ ఆగిపోయి ఏళ్ళయింది, మార్చడానికి పార్ట్స్ దొరకట్లేదు. 140 డాలర్లూ, షిప్పింగూ మొత్తం పోయాయి. అలా ఇంకెవరికీ పోకూడదనే ఇదంతా రాస్తున్నా.

ముందు డబ్బు లెక్క చూద్దాం. వేలంలో కనిపించే రేటు మీకు పడే రేటు కాదు. వాడిన రెగ్యులేటర్ ఏదైనా సరే, అమ్మేవాడు ఎంత బాగుందని చెప్పినా, నీళ్ళలోకి దిగేముందు సర్వీస్ చేయించాల్సిందే, దీంట్లో బేరం లేదు. ఫస్ట్ స్టేజ్, సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునే భాగం), ఆక్టోపస్ (స్పేర్‌గా ఉండే ఇంకో సెకండ్ స్టేజ్) కలిపి సర్వీసుకి, పార్ట్స్‌కి నాకు దాదాపు 150 డాలర్లు అవుతుంది. కాబట్టి 180కి వచ్చిన సెట్ షిప్పింగ్ ఒక 20 వేస్కుంటే నిజానికి 350ది. అదే 350కి లోకల్ డైవ్ షాప్‌లో వాళ్ళే సర్వీస్ చేసిపెట్టిన పాత రెంటల్ సెట్ దొరుకుతుందేమో ముందు ఒక ఫోన్ చేసి కనుక్కోండి, దొరికితే ఇక వేలం జోలికి వెళ్ళక్కర్లేదు.

మోడల్ ఎంచుకునే పద్ధతి నేనిప్పుడు తిరగేశాను. ఈబేలో ఏది చవగ్గా ఉందో చూసి తర్వాత షాప్‌కి వెళ్ళడం కాదు, ముందు షాప్‌కెళ్ళి "మీరు ఏ బ్రాండ్లు సర్వీస్ చేస్తారు, పార్ట్స్ దేనికి ఈజీగా దొరుకుతాయి" అని అడిగి, వాళ్ళు చెప్పిన నాలుగైదు మోడల్సే వెతుకుతాను. స్కూబాప్రో, ఏపెక్స్, ఆక్వాలంగ్ లాంటి పెద్ద కంపెనీల బాగా అమ్ముడైన మోడల్స్ అయితే పదిహేనేళ్ళ పాతదైనా చాలావాటికి సర్వీస్ కిట్ దొరుకుతుంది, పేరు తెలియని బ్రాండ్ అయితే మూడేళ్ళదైనా ఇబ్బందే.

ఇక రెగ్యులేటర్ లిస్టింగ్ నచ్చిందనుకోండి, బిడ్ వేయకముందే మెసేజ్ పెట్టండి. ఫస్ట్ స్టేజ్ ఇన్‌లెట్ ఫిల్టర్‌ని దగ్గర్నుంచి ఫోటో తీసి పంపమనండి, వెండి రంగులో శుభ్రంగా ఉండాలి. పచ్చగా ఉంటే పైన చెప్పిన కథే, ఎర్రగా పొడి పొడిగా ఉంటే ఏదో స్టీల్ ట్యాంక్‌లోంచి తుప్పు వచ్చిందని అర్థం. హోస్‌లు (గాలి పైపులు) ఫిట్టింగ్ దగ్గర వంచి ఫోటో తీయమనండి, పగుళ్ళుంటే అక్కడే బయటపడతాయి. సీరియల్ నంబర్ అడగండి, చివరి సర్వీస్ రసీదు అడగండి, యోక్‌దా డిన్‌దా అడగండి (యోక్ అంటే ట్యాంక్ వాల్వ్ మీద బిగించే క్లాంప్ టైపు, ఇది 232 బార్ ఒత్తిడి దాకానే, డిన్ అంటే లోపలికి మరతిప్పే టైపు, 300 బార్ దాకా ఉంటుంది). డైవింగ్ చేసే మనిషైతే వీటికి వెంటనే జవాబిస్తాడు. "మా నాన్నగారి గ్యారేజ్‌లో దొరికింది, నాకేం తెలీదు" అంటే అది అబద్ధమని కాదు, కానీ దాన్ని పని చేయని వస్తువుగానే లెక్కేసి ఆ రేటుకే బిడ్ వేయండి.

ట్యాంకులు మాత్రం వేలంలో కొనొద్దనే నా మాట. బరువుకి షిప్పింగే బోలెడవుతుంది, పైగా ఖాళీ చేసి పంపాలి. అయినా దగ్గర్లోనే ఉంది, వెళ్ళి తెచ్చుకోవచ్చు అంటే ట్యాంకు భుజం (మెడ కింది వంపు) దగ్గర గుద్దిన అక్షరాలన్నీ ఫోటోలో చదవండి. 3ఏఎల్ అంటే అల్యూమినియం, 3ఏఏ అంటే స్టీల్. అమెరికాలో 5 ఏళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో ట్యాంకు బలం చూసే పరీక్ష) ఉండాలి, ఏడాదికోసారి లోపల చూసి స్టిక్కర్ వేయాలి, ఇవి లేకపోతే ఏ షాపూ గాలి నింపదు. ఇంకో ముఖ్యమైన సంగతి, 1988కి ముందు తయారైన అల్యూమినియం ట్యాంకుల్లో చాలావాటికి 6351 అనే మిశ్రమం వాడారు, వాటికి మెడ దగ్గర లోపల నెమ్మదిగా పగుళ్ళొస్తాయి, అలా పేలి మనుషులు గాయపడ్డ సంఘటనలు ఉన్నాయి. హైడ్రో పాసైనా సరే చాలా షాపులు వాటిని ముట్టుకోవు. 30 డాలర్లకి వస్తోందని ఆశపడకండి, దయచేసి.

డైవ్ కంప్యూటర్‌కి (లోతు, సమయం లెక్కేసి చూపించేది) బ్యాటరీ మూత తీసిన ఫోటో అడగండి, లోపల తెల్లటి బూజులాంటిదో పచ్చదో కనిపిస్తే వదిలేయండి. లాగ్‌లో మొత్తం డైవ్‌లు ఎన్నో చూపించే స్క్రీన్ ఫోటో కూడా. రీకాల్ ఉందేమో సీపీఎస్‌సీ (అమెరికాలో వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో మోడల్ పేరు కొట్టి చూడండి, 2018లో సూంటో కంపెనీ ట్యాంక్ ప్రెషర్ పాడ్‌లు (ట్యాంక్‌లో ఒత్తిడి ఎంతుందో కంప్యూటర్‌కి పంపేవి) పెద్ద ఎత్తున వెనక్కి పిలిచారు, అలాంటివి తెలియక ఇంకా అమ్మేవాళ్ళుంటారు. బీసీడీ (గాలి నింపుకుని నీళ్ళలో తేలడానికి వేసుకునే జాకెట్) అయితే వచ్చాక నోటితో గాలి నిండా ఊది రాత్రంతా వదిలేయండి, పొద్దున్నకి మెత్తబడితే లీక్ ఉన్నట్టే. దానికి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కి వదిలితే టక్కున పైకి రావాలి, ఇరుక్కుపోతే నీళ్ళలో మనకి తెలియకుండానే గాలి నిండి పైకి లాగేస్తుంది, చాలా ప్రమాదం. ఫిన్స్, మాస్క్, కత్తి, టార్చ్, బ్యాగ్ ఇవన్నీ ధైర్యంగా కొనుక్కోవచ్చు. వెట్‌సూట్ సైజు కుదరదు, వాడేకొద్దీ దాని నియోప్రీన్ రబ్బరు నలిగి పల్చబడి వెచ్చదనం తగ్గుతుంది, మాంటెరే లాంటి చల్లటి నీళ్ళకి 7 మిల్లీమీటర్లది కొత్తదే తీసుకోమంటాను.

బిడ్ వేయడం గురించి. ముందు సోల్డ్ ఐటమ్స్ ఫిల్టర్ పెట్టి అదే మోడల్ నిజంగా ఎంతకి పోయిందో చూడండి, అడిగే రేట్లు చూసి లాభం లేదు. దాంట్లోంచి సర్వీస్, షిప్పింగ్ తీసేసి మీ గరిష్ఠ రేటు కాగితం మీద రాసుకోండి. ఈబేలో మీరు గరిష్ఠం ఇస్తే అదే మీ తరఫున కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతుంది, అందుకని రెండ్రోజుల ముందే వేసి పోటీ పెంచకుండా చివరి పది సెకన్లలో ఒకేసారి వేయండి, 200 కాకుండా 203.57 లాంటి అంకె వేస్తే 200 దగ్గర ఆగినవాళ్ళని దాటొచ్చు. ఎవరైనా దాటేస్తే వదిలేయండి, ఇంకో పది డాలర్లే కదా అని మళ్ళీ వేయడం మొదలైతే ఆగడం కష్టం, అదే మోడల్ నెలలోపు మళ్ళీ వస్తుంది. స్పెల్లింగ్ తప్పులతో కూడా వెతకండి, రెగ్యులేటర్ అన్న మాట తప్పు రాసిన లిస్టింగ్‌లు ఎవరికీ కనపడక తక్కువకి పోతుంటాయి, నా ఫిన్స్ అలాగే దొరికాయి.

ఇక్కడ కొని ఇండియాకి పట్టుకెళ్ళి అండమాన్‌లోనో వైజాగ్‌లోనో డైవ్ చేద్దామనుకునేవాళ్ళు ట్యాంకు, వెయిట్స్ గురించి ఆలోచించొద్దు, అవి అక్కడి సెంటర్ వాళ్ళే ఇస్తారు. రెగ్యులేటర్ డిన్ అయితే యోక్ అడాప్టర్ ఒకటి బ్యాగ్‌లో వేస్కోండి, రెగ్యులేటర్, కంప్యూటర్ చేతి సామానులోనే పెట్టుకోండి.

పార్సిల్ రాగానే విప్పేటప్పుడు వీడియో తీయండి. ఫస్ట్ స్టేజ్‌కి మూత గట్టిగా బిగించి సెకండ్ స్టేజ్ నోట్లో పెట్టుకుని గాలి పీల్చండి, ఏమీ రాకూడదు, వస్తే ఎక్కడో లీక్. ఆ వారంలోనే షాప్‌కి ఇచ్చి ఇంటర్మీడియట్ ప్రెషర్ చూపించండి, ట్యాంక్‌లోని 200 బార్‌ని ఫస్ట్ స్టేజ్ సుమారు 9, 10 బార్‌కి దించి అక్కడే నిలబెట్టాలి, గేజ్ ముల్లు మెల్లగా పైకి పాకుతుంటే లోపలి సీట్ (గాలిని ఆపే భాగం) అరిగిందన్నమాట. సర్వీస్‌తో పోయేదైతే చేయించండి, లిస్టింగ్‌లో చెప్పినదానికి విరుద్ధంగా ఉంటే టెక్నీషియన్ చేత రెండు లైన్లు రాయించుకుని, డెలివరీ అయిన 30 రోజుల్లోపు ఈబేలో రిటర్న్ పెట్టేయండి. నేను ఆ మొదటి సెట్‌ని మూడు నెలలు బీరువాలో పెట్టి తర్వాత షాప్‌కి తీసుకెళ్ళాను, అప్పటికి గడువు దాటిపోయింది.