జపాన్‌లో చదివింపుల కవరు కొనే ముందు

టోక్యోలో దిగిన కొత్తలో చెత్త ఎలా వేరుచేయాలో, వార్డు ఆఫీసులో అడ్రస్ ఎలా రాయించుకోవాలో మనవాళ్లు ఎవరో ఒకరు చెబుతారు. ఆఫీసులో తోటి ఉద్యోగి పెళ్లికి పిలిస్తే మాత్రం టెన్షన్ మొదలవుతుంది.

చదివింపులు ఇక్కడా ఉన్నాయి. కొలీగ్ పెళ్లికి మామూలుగా 30 వేల యెన్‌లు, అదీ కొత్త నోట్లలో. మన నూటపదహార్ల లెక్క తీసుకురాకండి. సరిసంఖ్య రెండుగా చీలుతుంది కాబట్టి జంటకు మంచిది కాదంటారు, అందుకే మొదటి అంకె బేసి ఉండేలా చూస్తారు. నాలుగు, తొమ్మిది అసలే వద్దు. జపనీస్‌లో నాలుగు పలికితే చావులా, తొమ్మిది పలికితే కష్టంలా వినిపిస్తాయి.

అసలు సంగతంతా కవరులోనే ఉంది. దాని మీద మిజుహికి అనే కాగితపు తాడు కట్టి ఉంటుంది. పెళ్లిదైతే ఎరుపు-తెలుపు లేదా బంగారు-వెండి రంగుల్లో, కొసలు లాగినకొద్దీ బిగుసుకునే ముడి. పిల్లలు పుట్టినప్పుడు ఇచ్చేదానికి సులువుగా ఊడే బో ముడి వేస్తారు, అలాంటి శుభం మళ్లీ మళ్లీ జరగాలని. పెళ్లికి ఆ బో ముడి కవరు పట్టుకెళ్తే ఏం కోరినట్టో మీరే ఊహించుకోండి! మూడుముళ్లు వేసేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వెనుక మడతలో కింది అంచు పైకి రావాలి. చావు ఇంట్లో డబ్బులు పెట్టి ఇచ్చే కవరుకు పై అంచు కిందికి వాలుతుంది. కొన్‌బినిలో, అంటే వీధిచివరి చిన్న సూపర్‌మార్కెట్‌లో, రెండు రకాలూ పక్కపక్కనే వేలాడుతుంటాయి, నలుపు-తెలుపు తాడు కనిపిస్తే దాని జోలికి పోకండి.

బట్టల సంగతి తేలిక. మగవాళ్లకు నల్ల సూటు ఒక్కటి చాలు: పెళ్లికి తెల్ల టై, చావుకు నల్ల టై. ఆడవాళ్లు పట్టుచీర నిశ్చింతగా కట్టుకోవచ్చు, పూర్తి తెలుపు మాత్రం పెళ్లికూతురికే వదిలేయండి.

చావు ఇంటికి వెళ్లాల్సి వస్తే కొత్త నోటును ఒకసారి మడిచి పెట్టండి. మడత లేని కొత్త నోటు పెడితే చావు కోసం ముందే సిద్ధం చేసుకున్నట్టు ఉంటుందట. తిరిగి వచ్చేటప్పుడు కొన్నిచోట్ల చిన్న ఉప్పు పొట్లం ఇస్తారు. మనం కాళ్లు కడుక్కుని ఇంట్లోకి వెళ్లినట్టే, గడప దాటేముందు దాన్ని ఒంటి మీద చల్లుకుంటారు. వంటింట్లోకి తీసుకెళ్లకండి.