నమూనా సగటు దగ్గరే ఆగిపోకండి

ఎవరైనా సర్వే లెక్కలు తెచ్చి చూపిస్తే, సగటు ఎంతొచ్చిందని నేను వెంటనే అడగను. నమూనాలో లేనివాళ్లతో సహా అందరి గురించీ ముందే తెలిసిన అంకె ఏదైనా ఉందా అని అడుగుతాను. చాలాసార్లు ఉంటుంది, కానీ ఫైల్లోనే పడి ఉంటుంది.

వర్క్‌షాపులు నెలకు సగటున ఎంత కరెంటు వాడతాయో తేల్చాలనుకోండి. రిజిస్టరు ప్రకారం అన్ని వర్క్‌షాపులకూ కలిపి సగటు పనివాళ్లు 8 మంది. లాటరీ పద్ధతిలో మీరు తీసిన నమూనాలో సగటు 10 మంది, 600 యూనిట్లు. అంటే పెద్ద వర్క్‌షాపులు కాస్త ఎక్కువ పడ్డాయి. ఆ 600 అలాగే రాసేస్తే ఎక్కువ చెప్పినట్టే.

సులువైన దారి నిష్పత్తి. 600ను 10తో భాగిస్తే మనిషికి 60, దాన్ని 8తో గుణిస్తే 480. 1802లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఫ్రాన్స్ జనాభాను ఇలాగే అంచనా వేశాడు. ఎంచుకున్న కమ్యూన్లలో (అక్కడి ఊళ్ల స్థాయి పాలనా విభాగాలు) ఏడాదికి ఒక్కో జననానికి సుమారు 28.35 మంది జనం తేలితే, దాన్ని దేశం మొత్తం జననాలతో గుణించాడు.

కానీ పనివాళ్లు తక్కువైనంత మాత్రాన లైట్లు ఆరిపోవు కదా! ఎవరున్నా లేకున్నా కొంత కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది. పనివాళ్లు ఒకవైపు, కరెంటు ఒకవైపు పెట్టి గ్రాఫు గీసి చూడండి. గీత సున్నా దగ్గర మొదలవకపోతే రిగ్రెషన్ వాడండి, అంటే చుక్కలకు బాగా సరిపోయే గీతతో సగటును సరిచేయడం. గీత వాలు, అంటే ఒక్క మనిషి పెరిగితే పెరిగే యూనిట్లు, 50 అనుకుంటే, 600 + 50 × (8 − 10) = 500. అనుమానం ఉన్నప్పుడు నేను దీనివైపే మొగ్గుతాను. నమూనా మరీ చిన్నదైతే రెండు పద్ధతుల్లోనూ కొంత పక్షపాతం (అంచనా ఒకవైపుకు ఒరగడం) ఉంటుంది, నమూనా పెరిగేకొద్దీ అది తగ్గుతుంది.

లాభమెంత? సహసంబంధం (పనివాళ్లూ కరెంటూ ఎంత గట్టిగా కలిసి మారతాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 0.8 ఉంటే రిగ్రెషన్‌తో వేరియన్స్, అంటే అంచనాలోని ఊగిసలాట కొలత, మామూలు సగటుకు ఉండేదాంట్లో దాదాపు 36 శాతానికి దిగుతుంది. 0.3 ఉంటే 91 శాతం దగ్గరే ఆగుతుంది, అంత శ్రమ దండగ. బలహీన సంబంధంలో నిష్పత్తి వాడితే మామూలు సగటు కన్నా అధ్వాన్నం కావచ్చు. స్టాండర్డ్ ఎర్రర్‌ను (వేరియన్స్‌కు వర్గమూలం) మాత్రం గీత నుంచి ఒక్కో వర్క్‌షాపు ఎంత దూరంలో ఉందో ఆ తేడాలతోనే కట్టండి, లేకపోతే ఈ లాభం రిపోర్టులో కనిపించదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇంకోచోట. యజమాని ఇంటివాళ్లను కూడా పనివాళ్లలో కలిపి చెబుతాడు, రిజిస్టరేమో జీతగాళ్లనే లెక్కిస్తుంది. అప్పుడు 10కీ 8కీ ఉన్న తేడా నమూనా వల్ల వచ్చింది కాదు. అందుకే నమూనాలోని వర్క్‌షాపులకు కూడా పనివాళ్ల సంఖ్యను రిజిస్టరు నుంచే తీసుకోండి. అది పాతదైనా అంత టెన్షన్ అక్కర్లేదు. సహసంబంధం తగ్గి లాభం కొంత తగ్గుతుంది గానీ, అంచనా ఒకవైపుకు ఒరిగిపోదు.