రోడ్డు వేగాన్నీ సామర్థ్యాన్నీ అంచనా వేయడం ఎలా: విజయవాడ, గుంటూరు రోడ్ల కోసం ఒక పద్ధతి

రవాణా ప్రణాళిక వేసేవారికి ప్రతి రోడ్డు గురించీ రెండు సంఖ్యలు తెలియాలి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బండి ఎంత వేగంతో పోగలదన్నది మొదటిది, గంటకు ఎంత ట్రాఫిక్‌ను ఆ రోడ్డు మోయగలదన్నది రెండవది. చాలామంది డ్రాయింగులో ఉన్న వెడల్పును చూసి రెండో సంఖ్యను వేసేస్తారు. కానీ మన ఊళ్లలో సామర్థ్యం డ్రాయింగులో ఉండదు. నిలిపిన బళ్లూ, ఎక్కడపడితే అక్కడ ఆగే షేర్ ఆటోలూ, తోపుడు బళ్లూ తీసుకోగా మిగిలిన వెడల్పులోనూ, కూడలిలో మన వైపు దక్కే పచ్చలైటు సెకన్లలోనూ ఉంటుంది. ఈ పద్ధతి అంతా ఆ రెండింటినీ పట్టుకోవడం కోసమే.

ముందుగా రోడ్డును ముక్కలు చేయాలి. విజయవాడలో ఏలూరు రోడ్డును రామవరప్పాడు రింగు వరకూ ఒకే రోడ్డుగా లెక్కిస్తే వచ్చే సగటు ఎక్కడా నిజం కాదు. బీసెంట్ రోడ్డు దగ్గరి రద్దీకీ గుణదల దాటాక ఉండే ప్రవాహానికీ పోలిక లేదు. సిగ్నల్ వచ్చినచోట, వెడల్పు మారినచోట, దుకాణాల వరుస మొదలైనచోట లేదా ముగిసినచోట ముక్క మారాలి. బెంజ్ సర్కిల్‌లో 16వ నంబరు జాతీయ రహదారి మీద ఎటూ తిరగకుండా పోయే బళ్లు ఫ్లైఓవర్ ఎక్కుతాయి, బందరు రోడ్డు బళ్లు కింద దాటుతాయి. కాబట్టి పైనా కిందా రెండు వేర్వేరు లెక్కలు రాసుకోవాలి.

తరువాత లెక్కింపు. మంగళ, బుధ, గురువారాలలో పొద్దున, సాయంత్రం రద్దీ వేళల్లో పదిహేనేసి నిమిషాల చొప్పున, బండి రకాన్నిబట్టి విడివిడిగా లెక్కించాలి. దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ, సంక్రాంతికి హైదరాబాదు దారిలో లెక్కించినవి ఆ రోజులకు తప్ప పనికిరావు. గుంటూరులో మిర్చి యార్డుకు పోయే రోడ్లయితే సీజనులో ఒకసారి, సీజను లేనప్పుడు ఒకసారి లెక్కించక తప్పదు. నిలబడే చోటు విషయంలోనే ఎక్కువమంది పొరబడతారు. స్టాప్ లైన్ దగ్గర నిలబడితే దాటినవే తెలుస్తాయి, వచ్చినవి తెలియవు. రద్దీ వేళలో దాటిన సంఖ్య ఆ కూడలి సామర్థ్యమే తప్ప జనానికి ఉన్న అవసరం కాదు. అవసరం తెలియాలంటే ఆగిన బళ్ల వరుస చివర దాటి, ఇంకా వెనక్కి వెళ్లి లెక్కించాలి.

బళ్లన్నీ రోడ్డు మీద ఒకేలా చోటు తీసుకోవు కాబట్టి వాటిని కారుకు సమానమైన ప్రమాణంలోకి, అంటే పీసీయూలోకి మార్చాలి. నగర రోడ్లకు, దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన 106వ నంబరు మార్గదర్శకాల్లో ఈ విలువలు ఉన్నాయి. మొత్తం ప్రవాహంలో ఆ రకం వాటా 5 శాతం ఉంటే ఒక విలువ, 10 శాతం లేదా అంతకు మించితే మరొకటి: ద్విచక్రవాహనానికి 0.5, 0.75; ఆటోకు 1.2, 2.0; బస్సు లేదా లారీకి 2.2, 3.7; కారుకు ఎప్పుడూ 1. ఉదాహరణకు ఒక వైపు గంటకు 1,400 ద్విచక్రవాహనాలు, 350 ఆటోలు, 300 కార్లు, 40 బస్సులు వచ్చాయనుకుందాం. మొదటి మూడు రకాలూ 10 శాతం దాటాయి, బస్సులు 2 శాతమే కాబట్టి 2.2తో సరిపెడదాం. అప్పుడు వరుసగా 1,050, 700, 300, 88 వస్తాయి. మొత్తం 2,138 పీసీయూ. బళ్ల సంఖ్యలో ఆరో వంతు ఉన్న ఆటోలు రోడ్డు భారంలో దాదాపు మూడో వంతు అయ్యాయి. ఆటోడ్రైవర్లను తిట్టడానికి ఈ సంఖ్యను వాడేవారున్నారు. నేనైతే ఆటో ఆగడానికి రోడ్డు పక్కన చోటు ఇవ్వని డిజైనునే తప్పుపడతాను.

ఇక ఈ భారాన్ని మోసే శక్తి. అవే మార్గదర్శకాలు డివైడరు ఉన్న నాలుగు లేన్ల రోడ్డుకు రెండు వైపులా కలిపి ప్రధాన రోడ్డయితే గంటకు 3,600, ఉప ప్రధాన రోడ్డయితే 2,900 పీసీయూను డిజైను పరిమాణంగా చెబుతాయి. మొదటి విలువకు అర్హత ఉన్న రోడ్డు మీద పక్క భవనాల గేట్లు రోడ్డులోకి తెరుచుకోకూడదు, బళ్లు నిలబడకూడదు, అడ్డంగా దాటే ట్రాఫిక్ అతి తక్కువగా ఉండాలి. పేరుకు ప్రధాన రోడ్డయినా ఈ షరతులకు తూగేవి మన రెండు ఊళ్లలోనూ అరుదు, కాబట్టి పేరును వదిలి ప్రవర్తనను చూసి తరగతి నిర్ణయించాలి. రెండో విలువ తీసుకుంటే ఒక వైపుకు 1,450. ఇది గరిష్ఠ సామర్థ్యంలో సుమారు 0.7 వంతు కాబట్టి గరిష్ఠం దాదాపు 2,070 అవుతుంది. మన 2,138ని దానితో భాగిస్తే 1.03 వస్తుంది, అంటే రోడ్డు నిండిపోయింది.

అయితే ట్రాఫిక్‌ను పట్టి ఆపే అసలు ఇరుకు కూడలి దగ్గర ఉంటుంది. సిగ్నల్ వైపు వచ్చే రోడ్డు వెడల్పు 5.5 నుంచి 18 మీటర్ల మధ్య ఉంటే, ఆ వెడల్పును 525తో గుణించగా వచ్చేది పచ్చలైటు గంటసేపూ వెలిగినట్టయితే దాటగల ప్రవాహం. 10.5 మీటర్లకు ఇది గంటకు 5,512 పీసీయూ. సిగ్నల్ చక్రం 120 సెకన్లు, మనకు దక్కేది 50 సెకన్లు అయితే నిజంగా దాటేది గంటకు 2,297. స్టాప్ లైన్ ముందు వరసగా నిలిపిన బళ్లు 2 మీటర్లు మింగితే మిగిలేది 8.5 మీటర్లు, 1,859. నాలుగు బైకులూ ఒక టిఫిన్ బండీ కలిసి సామర్థ్యంలో 19 శాతం తీసేశాయి. కొత్త లేను వేయడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఆ రెండు మీటర్లను ఖాళీ చేయించడం ఎంత చవకో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఒక జాగ్రత్త: సిగ్నల్ దగ్గర ద్విచక్రవాహనాలు సందుల్లోంచి ముందుకు చేరి గుంపుగా కదులుతాయి కాబట్టి, ఇక్కడ వాటికి 0.75 కంటే తక్కువ విలువ వాడాలి. పై 2,138ని నేరుగా ఈ 2,297, 1,859లతో పోల్చకూడదు.

వేగం దగ్గరికి వస్తే, సగటు తీయడంలోనే పొరపాటు దాగి ఉంది. ఒక కిలోమీటరును మూడు బళ్లు గంటకు 30, 20, 10 కిలోమీటర్ల వేగంతో దాటాయనుకుంటే మామూలు సగటు 20. కానీ అవి తీసుకున్న సమయం 2, 3, 6 నిమిషాలు. మూడు కిలోమీటర్లకు 11 నిమిషాలు, అంటే 16.4 మాత్రమే. ప్రణాళికకు కావలసింది ఈ రెండోదే. కాబట్టి వేగాలను కాదు, ప్రయాణ సమయాలను సగటు చేయాలి.

సమయం కొలవడానికి 1954లో బ్రిటన్ పరిశోధకులు వార్డ్‌రాప్, చార్ల్స్‌వర్త్ చూపిన దారి ఇప్పటికీ చవకైనది. గుంటూరులో అమరావతి రోడ్డు మీద 3 కిలోమీటర్ల ముక్క తీసుకున్నామనుకుందాం. మనం కొలవదలచిన ప్రవాహానికి ఎదురుగా 10 నిమిషాలు ప్రయాణించగా 250 బళ్లు ఎదురయ్యాయి. దానితోపాటే తిరిగి 12 నిమిషాలు ప్రయాణించినప్పుడు మనల్ని దాటినవి 30, మనం దాటినవి 12, తేడా 18. ఈ 18ని 250కి కలిపి, వచ్చిన 268ని రెండు ప్రయాణాల మొత్తం 22 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 12.2 బళ్ల ప్రవాహం. 18ని ఆ 12.2తో భాగించి, వచ్చిన 1.5ను 12 లోంచి తీసేస్తే సగటు ప్రయాణ సమయం 10.5 నిమిషాలు, వేగం గంటకు 17 కిలోమీటర్లు. ఇలా ఆరేసి సార్లు తిరిగి సగటు తీయాలి. బళ్లు లెక్కించే మనిషి, నడిపే మనిషి వేరుగా ఉండాలి. ఖాళీ రోడ్డు వేగం కోసం తెల్లవారుజామున ఇదే ముక్కలో మళ్లీ తిరగాలి.

రద్దీ పెరిగితే సమయం ఎంత పెరుగుతుందో చెప్పడానికి అమెరికా ప్రభుత్వ రోడ్ల విభాగం 1964లో ఇచ్చిన సూత్రాన్ని అందరూ వాడతారు: భారాన్ని సామర్థ్యంతో భాగించి, నాలుగో ఘాతానికి పెంచి, 0.15తో గుణించి, ఒకటి కలిపి, ఖాళీ రోడ్డు సమయాన్ని దానితో హెచ్చించాలి. మన 1.03కు ఇది 1.17 ఇస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు 4.5 నిమిషాలు పట్టే 3 కిలోమీటర్లకు ఇప్పుడు 5.3 నిమిషాలు అన్నమాట. సాయంత్రం ఆరు గంటలకు ఏలూరు రోడ్డు మీద వెళ్లినవారెవరైనా దీనికి నవ్వుతారు. అమెరికా రహదారులకు సరిపోయిన 0.15, 4 అన్న అంకెల్లో మన సిగ్నళ్ల నిరీక్షణ లేదు. సిగ్నల్ ఆలస్యాన్ని విడిగా కొలిచి కలపాలి, లేదా రోజులో వేర్వేరు గంటల్లో కొలిచిన సమయాలకు సరిపడేదాకా ఆ రెండు అంకెలనూ మార్చాలి. ఎనిమిది పది కొలతలుంటే ఎక్సెల్‌లోనే ఈ పని అవుతుంది.

భవిష్యత్తుకు పెంచేటప్పుడు ట్రాఫిక్ ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే పదేళ్లకు 1.63 రెట్లవుతుంది. మన 1.03 అప్పుడు 1.68 అవుతుంది, కానీ అంత ట్రాఫిక్ ఆ రోడ్డు మీద ఎన్నడూ కనిపించదు. కొందరు వేళ మార్చుకుంటారు, కొందరు పక్క వీధుల్లోకి తిరుగుతారు. అందుచేత గుంటూరులోని బ్రాడీపేట లైన్ల వంటి వీధులను కూడా మన రోడ్ల పట్టికలో ముందే చేర్చి, వాటికీ సామర్థ్యం రాసి ఉంచుకోవాలి.