విశాఖ చుట్టుపక్కల కార్నేషన్ కుటుంబపు కలుపు మొక్కలను గుర్తుపట్టడం

నర్సరీల్లో అమ్మే కార్నేషన్, డయాంథస్‌లకు చుట్టాలే అయినా, మన ఇసుక నేలల్లోనూ కొండ వాలుల్లోనూ వాటంతట అవి మొలిచే కార్యోఫిల్లేసీ (కార్నేషన్ కుటుంబం) మొక్కలు చూపుకు ఆనవు. చాలావాటి పువ్వు బియ్యపు గింజంత కూడా ఉండదు. అందుకే పువ్వు అందం చూసి వెతక్కండి, కణుపు చూడండి. పది రెట్లు పెద్దగా చూపే చేతి లెన్సు, కొత్త బ్లేడు, సన్నటి సూది ఉంటే చాలు.

ముందుగా వెతకాల్సింది పాలీకార్పియా కోరింబోసా. ఇది ఇక్కడి సొంత మొక్క. భీమిలి వైపు ఇసుక నేలల్లో, ఎండు గుట్టల మీద వానలు వెనకబట్టాక చూడండి. జానెడు ఎత్తు, సూదుల్లాంటి ఆకులు, కొమ్మల చివర వెండి రంగు గుత్తులు. ఆ మెరుపు పూరేకులది కాదు, పూరేకులను బయట నుంచి కప్పి, కాగితంలా ఎండినట్టుండే రక్షక పత్రాలది. వాటిని సూదితో విడదీస్తే లోపల అంతకంటే పొట్టి పూరేకులు ఐదు కనిపిస్తాయి. కణుపుల దగ్గర కూడా అలాంటి తెల్లటి పొరలే ఉంటాయి.

ఇక్కడే రెండు మొక్కలు మోసం చేస్తాయి. రోడ్ల పక్క తెల్లటి కాగితపు పూలతో పరుచుకునే గాంఫ్రీనా ఒకటి. దాని ఆకు వెడల్పు, నూగు ఎక్కువ, కాయలో గింజ ఒక్కటే. పాలీకార్పియా కాయలో గింజలు చాలా ఉంటాయి. రెండోది పర్పాటకం (మొల్లుగో సెర్వియానా). అదే ఇసుక, అవే సన్నటి ఆకులు. కాయను అడ్డంగా కోయండి. మూడు గదులుంటే పర్పాటకం. గోడలు లేకుండా ఒకటే గది, మధ్యలో చిన్న స్తంభం, దాని చుట్టూ గింజలు ఉంటే మనకు కావలసిన కుటుంబం. పూర్తిగా ఎండిన కాయ బ్లేడు కింద పొడైపోతుంది, కాబట్టి పచ్చగా ఉన్నప్పుడే కోయాలి.

పాలీకార్పాన్ ప్రోస్ట్రేటం కోసం చెరువులు ఇంకే రోజుల్లో వెళ్లాలి. తడి ఆరుతున్న చెరువు గర్భంలో, కోత అయిన వరి మళ్లలో నేలకు అంటుకుని పాకుతుంది. పాలీకార్పియాలా మెరవదు, దీని రక్షక పత్రాలకు మధ్యన పచ్చటి గీత ఉంటుంది.

అరకు, అనంతగిరి ఎక్కితే సంగతి మారుతుంది. కాఫీ తోటల నీడల్లో, వాగుల ఒడ్డున డ్రైమేరియా కార్డేటా కోసం చూడండి. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి స్థిరపడింది. గుండ్రటి ఆకులు జంటలుగా, పాకే కాడ కణుపు కణుపుకూ వేళ్లు, రెండుగా చీలిన ఐదు తెల్లటి పూరేకులు. పూకాడను వేళ్ల మధ్య నలిపితే జిగురు తగులుతుంది. మొక్క ఊరూరా తిరిగేది ఆ జిగురుతోనే, కాబట్టి దిగేముందు ప్యాంటు అంచులు దులుపుకోండి. తోటల్లో ఇలాంటిదే దొరికి జిగురు లేకపోతే, కాడ మీద నూగు ఒక పక్కనే గీతలా ఉందేమో చూడండి. ఉంటే అది యూరప్ నుంచి వచ్చిన స్టెల్లేరియా మీడియా. ఆకులు సూదుల్లా చుట్టూ గుంపుగా ఉండి, పూరేకులు చీలకపోతే స్పర్గ్యులా ఆర్వెన్సిస్. అదీ పరాయిదే. ఎక్కడ చూసినా అదే కనిపిస్తోంది కదా అని సొంత మొక్క అనుకోవద్దు. సంఖ్యకూ పుట్టుకకూ సంబంధం లేదు.

నమూనా ఎండబెట్టేటప్పుడు విశాఖ ఉక్కపోతే అసలు శత్రువు. వేరుతో సహా తీసి ఇసుక దులిపి, న్యూస్‌పేపర్ మడతల్లో పెట్టి పైన బరువు ఉంచండి. మొదటి మూడు రోజులు పూటకోసారి కాగితం మార్చకపోతే బూజు పడుతుంది. డ్రైమేరియా పూకాడలు కాగితానికి అంటుకుంటాయి. దాన్ని పల్చటి టిష్యూలో చుట్టి పెట్టి, మార్చేటప్పుడు టిష్యూతో సహా ఎత్తండి. రాలిన గింజలు చిన్న కాగితపు పొట్లంలో వేసి, ఆ నమూనా ఉన్న షీటుకే అతికించండి. తేదీ, చోటు, నేల రకం, పచ్చిగా ఉన్నప్పటి పువ్వు రంగు అక్కడికక్కడే రాయండి, ఎండాక రంగు తెలియదు.

ఎర్రమట్టి దిబ్బల్లో, కంబాలకొండ అభయారణ్యంలో మాత్రం ఏదీ పీకొద్దు. అక్కడ కణుపు, పువ్వు, కాడ మీది నూగు దగ్గర నుంచి ఫొటో తీసుకోండి, పక్కన స్కేలు పెట్టి.