ఎయిర్ రైఫిల్ గాలి తగ్గినా, గురి తప్పినా బ్యారెల్ తోమే ముందు ఇవి చూడండి

మా అమ్మాయి చెన్నైలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్ చేస్తుంది. రైఫిల్ బాగోగులు చూసుకోవడం నా పని. షూటింగ్ రేంజ్‌లో మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు, నెల్లూరు నుంచీ తిరుపతి నుంచీ వచ్చి హాస్టళ్లలో ఉండి నేర్చుకుంటున్నవాళ్లు. స్కోరు కాస్త పడిపోగానే వాళ్లు నన్నడిగే మొదటి మాట "అంకుల్, బ్యారెల్ క్లీన్ చేయాలా?" అని. చాలాసార్లు తప్పు బ్యారెల్‌లో ఉండదు, గాలి నడిచే దారిలో ఉంటుంది. నొక్కి నింపిన గాలి ఉండే సిలిండర్, గాలి పోకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు, ప్రెషర్‌ను ఒకే స్థాయిలో ఉంచే రెగ్యులేటర్, వాల్వ్, వీటిని చూడకుండా బ్యారెల్ తోమితే ఉన్న సమస్య అలాగే ఉండి ఇంకొకటి తోడవుతుంది.

ఈ తోమే అలవాటు మిలిటరీ రైఫిల్ నుంచి వచ్చింది. మా మేనమామ మిలిటరీలో ఎస్ఎల్ఆర్ (తనంతట తానే తూటా ఎక్కించుకునే రైఫిల్) వాడారు. అందులో తుపాకి మందు కాలిన గ్యాస్ కొంత బ్యారెల్‌లోని చిన్న రంధ్రం గుండా బయటికొచ్చి పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది, ఆ ఊపుతోనే ఖాళీ తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. ప్రతి తూటాకీ మసి పడుతుంది కాబట్టి గ్యాస్ ప్లగ్గూ పిస్టనూ తుడవాల్సిందే, తుడవకపోతే గ్యాస్ చాలక ఖాళీ తూటా ఇరుక్కుంటుంది. అయితే అక్కడ కూడా పిస్టన్‌కు నూనె రాయకూడదని, పొడిగా ఉంచాలని, నూనె వేడికి మాడి గట్టి మసి అవుతుందని ఆయనే చెప్పేవారు. మన ఎయిర్ రైఫిల్‌లో మందే లేదు, మసి ఎక్కడినుంచి వస్తుంది? కాబట్టి యూట్యూబ్‌లో పెద్ద తుపాకుల వీడియోలు చూసి ఇత్తడి బ్రష్షూ సాల్వెంటూ కొనకండి.

రాత్రి 200 బార్ (ప్రెషర్ కొలత) ఉంది, పొద్దున 187 చూపిస్తోంది

ముందు టెన్షన్ పడకండి, ఇది లీకు కాకపోవచ్చు. గాలి వేడెక్కితే ప్రెషర్ పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. గబగబా నింపినప్పుడు సిలిండర్ చేతికి వెచ్చగా తగులుతుంది కదా, లోపలి గాలి 45 డిగ్రీల దగ్గర ఉండగా 200 చూపిస్తే, ఏసీ గదిలో 25కి చల్లబడ్డాక అదే గాలి 187 దగ్గర నిలుస్తుంది. ఒక్క బుడగ కూడా బయటికి పోలేదు. నెమ్మదిగా నింపండి, అరగంట ఆగండి, తగ్గినంత మళ్లీ నింపండి, అంతే.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది ప్రమాదకరమైనది. అగ్ని నక్షత్రం రోజుల్లో, అంటే నడివేసవి ఎండల్లో, నిండు సిలిండర్‌ను ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే, లోపల 60 డిగ్రీలైందనుకోండి, 25 దగ్గర 200 ఉన్నది 220 దాటుతుంది. 200 బార్‌కు చేసిన సిలిండర్‌ను అలా వదలకూడదు. టిఫిన్‌కు ఆగినా సరే, సంచితో పాటు లోపలికి తీసుకెళ్లండి.

చల్లారాక కూడా రోజురోజుకీ తగ్గుతోంది

ఇది నిజమైన లీకు. ఎక్కడో తెలుసుకోవడానికి విప్పాల్సిన పని లేదు, ఒక రాత్రి ఓపిక పడితే చాలు. సిలిండర్‌ను రైఫిల్ నుంచి తీసి, గేజ్ ఎంత చూపిస్తోందో కాగితం మీద రాసి, అదే గదిలో విడిగా పెట్టండి. తెల్లారేసరికి విడిగా ఉన్నప్పుడే తగ్గితే తప్పు సిలిండర్ వాల్వ్‌లో ఉంది, దాన్ని సర్వీస్‌కు ఇవ్వాలి, ఇంట్లో ముట్టుకోకూడదు. విడిగా ఉన్నప్పుడు నిలిచి, రైఫిల్‌కు బిగించాక తగ్గితే లీకు బిగింపు దగ్గరో, రెగ్యులేటర్‌లోనో, లోపలి వాల్వ్‌లోనో ఉంది.

బిగింపు దగ్గర సబ్బునీళ్ల నురుగు చిన్న బ్రష్‌తో రాయండి, బుడగలు లేస్తే ఓ-రింగ్ పోయినట్టే. తర్వాత తడి లేకుండా తుడవండి. నురుగులో ఏమీ తేలకపోతే, రైఫిల్‌లో పెల్లెట్ (సీసపు గుండు) లేదని, కాక్ చేసి (కొట్టడానికి సిద్ధం చేసి) లేదని రెండుసార్లు చూసుకుని, బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) మూసి, బ్యారెల్ మూతికి ఒక బుల్లి బెలూన్ తొడిగి వదిలేయండి. కాసేపటికి బెలూన్ ఉబ్బితే లోపలి వాల్వ్ సరిగా మూసుకోవడం లేదని అర్థం. అది నిపుణుల పని.

ఓ-రింగ్ మార్చడం మాత్రం ఎవరైనా చేయొచ్చు. చెన్నై ప్యారిస్ కార్నర్ హార్డ్‌వేర్ కొట్లలో అన్ని సైజులూ దొరుకుతాయి, కానీ సైజు ఒక్కటే చూస్తే చాలదు, రబ్బరు గట్టిదనం కూడా కలవాలి. నేను మొదటిసారి సైజు చూసి మెత్తటిది వేశాను, వారం తిరక్కుండా అంచు చీలిపోయింది. ఇప్పుడు తయారీదారు ఇచ్చే కిట్ నుంచే వేస్తున్నాను, ఖరీదు ఎక్కువైనా. పాతదాన్ని ఇనుప సూదితో పొడిచి లాగకండి, గాడి మీద గీత పడితే కొత్త రింగ్ కూడా లీకవుతుంది, పుల్లతో తీయండి. కొత్తదానికి సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి, మెరుపు కనిపిస్తే చాలు.

లీకైతే సిలిండర్‌ను ఇంకా గట్టిగా బిగించాలనే మాట రేంజ్‌లో తరచూ వింటాను. తప్పు. ఓ-రింగ్‌ను గాడిలోకి నొక్కి మూసేది లోపలి గాలే. చేత్తో బిగిసినంత చాలు, పానా పెడితే రింగు నలుగుతుంది.

నూనె రాస్తే లీకు ఆగుతుందట

ఈ ఒక్క మాట మాత్రం గుర్తు పెట్టుకోండి. కుట్టుమిషను నూనె, స్ప్రే నూనె, కొబ్బరినూనె, ఇంజన్ గ్రీజు, ఇవేవీ అధిక ప్రెషర్ గాలి తగిలే చోట ఉండకూడదు. గాలి ఒక్కసారిగా నొక్కుకుపోతే విపరీతంగా వేడెక్కుతుంది, డీజిల్ ఇంజన్‌లో నిప్పు పుట్టేది ఆ వేడితోనే. నింపే గొట్టంలో నూనె జిడ్డు ఉండి, పెద్ద ట్యాంకు వాల్వ్ చటుక్కున తిప్పారంటే అదే జరగొచ్చు. అందుకే సిలికాన్ గ్రీజే వాడాలి, వాల్వ్ నెమ్మదిగా తెరవాలి. వెల్డింగ్ షాపు ఆక్సిజన్, ఆస్పత్రి ఆక్సిజన్ ఎప్పటికీ నింపకూడదు, ఎంత అత్యవసరమైనా సరే.

పెల్లెట్లు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి

అడ్డంగా చెదిరితే చూపు, భంగిమల గురించి కోచ్‌తో మాట్లాడండి. నిలువుగా సాగితే మాత్రం వేగాన్ని అనుమానించాలి. లెక్క వేసి చూడండి: సెకనుకు 175 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ పది మీటర్లు చేరేసరికి సుమారు 16 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అదే వేగం 165 అయితే 18 దాటుతుంది. రెండు మిల్లీమీటర్ల తేడా. మన టార్గెట్‌లో ఒక రింగుకీ ఇంకో రింగుకీ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లే, పదో రింగు అంటే అర మిల్లీమీటర్ చుక్క. అంటే పిల్ల ఏ తప్పూ చేయకుండానే ముప్పావు పాయింటు పోతోంది. 60 గుళ్లకు, గుండుకు 10.9 చొప్పున, గరిష్ఠం 654 అయిన ఆటలో అది పెద్ద నష్టం.

గేజ్ ముందు చూడండి. సిలిండర్ ప్రెషర్ రెగ్యులేటర్ సెట్టింగ్ కంటే కిందికి పోతే ప్రతి గుండూ ముందుదానికంటే నీరసంగా వెళ్తుంది. నింపితే సరిపోతుంది. నిండుగా ఉండి కూడా ఇలాగే ఉంటే క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) పెట్టి పది గుళ్లు ఒకే లయలో కొట్టించండి, పావుగంట ఆపి మళ్లీ కొట్టించండి. ఆగిన తర్వాతి మొదటి గుండు మాత్రమే వేగంగా, పైకి వెళ్తోందంటే రెగ్యులేటర్ సీటు (గాలిని ఆపే భాగం) పూర్తిగా మూసుకోవడం లేదు, ఆగినంతసేపూ ప్రెషర్ మెల్లగా ఎక్కుతోంది. సీటు మీద దుమ్మో, తుప్పు రేణువో ఉంటుంది. దీన్ని ఇంట్లో విప్పకండి, సర్వీస్‌కు పంపండి, క్రోనోగ్రాఫ్ అంకెలు కూడా రాసి పంపితే వాళ్లకు పని సులువు.

ఆ తుప్పు ఎక్కడిదంటే, చెన్నై గాలిదే. చేతిపంపుతో నింపేవాళ్లు సముద్రపు తేమను కూడా కలిపి లోపలికి నొక్కుతున్నారు. ఐప్పసి, కార్తీక (అక్టోబర్ నుంచి డిసెంబర్) వానల్లో మరీను. పంపుకు సిలికా జెల్ ఫిల్టర్ పెట్టండి, గుళికల రంగు మారగానే ఆరబెట్టండి లేదా మార్చండి, మధ్యమధ్యలో ఆగి పంపును చల్లారనిచ్చి నీటిని వదలండి. వీలైతే ఫిల్టర్ ఉన్న కంప్రెసర్‌తో నింపిన స్కూబా ట్యాంకు (నీటి అడుగున ఈదేవాళ్ల గాలి ట్యాంకు) నుంచి తీసుకోవడం అన్నిటికంటే మేలు.

క్లీన్ చేశాక ఇంకా చెదిరిపోయింది

ఇది నా తప్పే. రాష్ట్రస్థాయి పోటీకి ముందురోజు రాత్రి బ్యారెల్ తళతళా తోమి పెట్టాను. మర్నాడు గురి సరిచూసుకోవడానికిచ్చే పదిహేను నిమిషాల సైటింగ్ సమయమంతా గుళ్లు కుదురుకోవడానికే సరిపోయింది, పాపం పిల్ల సైట్లు తిప్పుతూనే ఉంది. బ్యారెల్ లోపల సీసం పలుచని పూత ఒకటి ఏర్పడి ఉంటుంది, పెల్లెట్లు ఒకే తీరుగా వెళ్లేది దానివల్లే. అది తుడిచేస్తే మళ్లీ ఏర్పడేదాకా కొన్ని గుళ్లు అటూ ఇటూ పోతాయి.

ఇప్పుడు రెండు టిన్నులకు, అంటే వెయ్యి పెల్లెట్లకు ఒకసారి, బ్రీచ్ వైపు నుంచి మూతి వైపుకు ఫెల్ట్ ముక్కలు తాడుతో లాగుతున్నాను, అవి తెల్లగా వచ్చేవరకే. ఇనుప కడ్డీని మూతి వైపు నుంచి దూర్చకండి, మూతి అంచు ఒరుసుకుపోతే ఆ బ్యారెల్ మళ్లీ మునుపటిలా కొట్టదు. ఏ పోటీకైనా కనీసం వారం ముందే ఈ పని ముగించండి. ఫెల్ట్ మీద వచ్చే నల్లటి మరక సీసం, అక్కడే పారేసి సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్ డబ్బా తెరవమని పిల్లలకు చెప్పండి.

నెలరోజులు వాడకపోతే సిలిండర్ ఖాళీ చేయాలా?

అక్కర్లేదు. కొంత గాలి ఉంచితే ఓ-రింగులు వాటి చోట్లలో కూర్చుని ఉంటాయి, దుమ్మూ తేమా లోపలికి పోవు. విమానంలో తీసుకెళ్లేటప్పుడు మాత్రం ఖాళీ చేయాలి, దానికిచ్చిన స్క్రూతో, మెల్లగా.

ఒకసారి సిలిండర్ తిప్పి దాని మీద చెక్కిన తేదీ కూడా చూడండి. సాధారణంగా తయారైన పదేళ్ల వరకే చెల్లుబాటు. గడువు దాటినదాన్ని పోటీలో ఒప్పుకోరు, ఆ బాధ్యత షూటర్‌దే అని నిబంధన. సెకండ్ హ్యాండ్ రైఫిల్ కొనేవాళ్లు బ్యారెల్‌లోకి టార్చి వేసి చూసే ముందు ఈ తేదీ చదవండి, కొత్త సిలిండర్ ఖర్చు కలిపాకే బేరం మాట్లాడండి.