పాత భవనాన్ని బడిగా మార్చాలంటే డబ్బు ఏ వరుసలో అడగాలి

ఒక పాత భవనం ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంటుంది. పక్కనే ఉన్న ప్రభుత్వ బడిలో ల్యాబ్ సామాను వరండాలో ఉంటుంది, సంగీతం క్లాసు చెట్టు కింద జరుగుతుంది. ఈ రెండూ చూసినవాళ్లకు వచ్చే ఆలోచన ఒకటే, అది మంచి ఆలోచనే. కానీ మొదటి మీటింగ్‌లోనే ఎవరో ఒకరు "మొత్తం ఎంతవుతుందండీ?" అంటారు. దయచేసి ఆ రోజు జవాబు చెప్పకండి. పాత కట్టడాల మరమ్మతులకు ఎస్టిమేట్లు వేయడం నా పని, 22 ఏళ్లుగా అదే చేస్తున్నాను. నోటికొచ్చిన అంకె ఒకసారి బయటపడితే అందరి మనసులోనూ అదే నాటుకుపోతుంది. ఆరు నెలల తర్వాత అసలు లెక్క తేలినప్పుడు భవనం ఎలా ఉందని ఎవరూ అడగరు. "అప్పుడు ఇంతన్నారు కదా, ఇప్పుడు ఇంతంటారేంటి?" అని మిమ్మల్నే నిలదీస్తారు.

కాబట్టి మొదట అడగాల్సింది మరమ్మతుకు డబ్బు కాదు, భవనాన్ని పరీక్ష చేయించడానికి డబ్బు. ఇది చిన్న మొత్తమే, అయినా పుట్టించడం కష్టం. చివర్లో చూపించుకోవడానికి ఒక రిపోర్టు తప్ప ఏమీ మిగలదు కాబట్టి దాతలకు దీని మీద మనసు పోదు. బడి నిర్వహణ నిధిలోంచో, విద్యా శాఖ ప్లానింగ్ పద్దులోంచో తీయగలిగితే తీయండి. పూర్వ విద్యార్థుల్లో స్ట్రక్చరల్ ఇంజనీర్ ఉంటే ఆయన ఫీజు మానుకున్నా అది విరాళమే. రాతపూర్వకంగా విలువ కట్టించి దాచండి, తర్వాత నిధి ఇచ్చేవాళ్లు బడి తరఫున పెట్టే వాటా చూపించమన్నప్పుడు పనికొస్తుంది.

ఈ పరీక్ష ఎందుకంటే, నేను కళ్లారా చూసిన సంగతి ఒకటుంది. పాత హాస్టల్ ఒకటి, చెక్క దూలాల కప్పు. కింద నిలబడి చూస్తే దూలాలు నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. అందరం సంతోషించాం. మాతో వచ్చిన పెద్ద మేస్త్రీ నిచ్చెన వేయించుకుని, దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. అది పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే తడి పొట్టు వచ్చింది, టీ పొడిలా. ఏళ్ల తరబడి కప్పు మీది నీళ్లు గోడలోకి దిగుతూ దూలం కొనల్ని తినేశాయి. మధ్యలో చెక్కుచెదరలేదు, బరువు మోయాల్సిన చోట ఏమీ లేదు. ఆ ఒక్క పోటుతో మా ఎస్టిమేట్ మొత్తం మారిపోయింది. అది పని మొదలయ్యాక బయటపడి ఉంటే ఏ గ్రాంటూ మమ్మల్ని కాపాడేది కాదు.

ఇంగ్లండ్‌లో దేశం మొత్తానికి ఇలాగే జరిగింది. 1950ల నుంచి 1990ల దాకా అక్కడ చాలా బళ్ల కప్పులకు గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటు పలకలు వాడారు. 2018లో ఒక ప్రాథమిక పాఠశాలలో అలాంటి కప్పు కూలింది, వారాంతం కావడంతో లోపల పిల్లలు లేరు. 2023 ఆగస్టు చివర్లో, బళ్లు తెరవడానికి కొద్ది రోజుల ముందు, వందకు పైగా బళ్లలో ఆ పలకలున్న భాగాలు మూసేయమని ప్రభుత్వం చెప్పింది. కప్పు దేనితో కట్టారో ముందే తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు దాని ముందు ఎంత!

రిపోర్టులో కప్పు, గోడల చెమ్మ, పునాది, వైరింగు, డ్రెయిన్లు తప్పకుండా ఉండాలి. ఆస్‌బెస్టాస్, సీసం రంగుల పరీక్ష విడిగా అడగండి. ఆస్‌బెస్టాస్ కదపనంత వరకు ఊరుకుంటుంది, కోసినా తొలిచినా పగలగొట్టినా దాని ప్రమాదకరమైన పోగులు గాల్లో కలుస్తాయి. మరమ్మతంటేనే కోయడం, తొలవడం. దాన్ని తీయించే ఖర్చు మామూలు కూలి లెక్కలో రాదు. ఇంకో చిన్న పని మీరే చేయొచ్చు: గోడ మీద చెమ్మ మరక కనిపించిన ప్రతిచోటా దాని అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాసి, ఫొటో తీయండి. మరక గీత దాటి పెరుగుతోందో లేదో దీంతో తెలుస్తుంది. నేను వెళ్లిన ప్రతి భవనంలో ఇది చేస్తాను.

ఇక రెండోది, ఏ కార్యక్రమం ఏ గదిలో అన్నది డబ్బు అడగక ముందే తేలాలి. ఖర్చును చాలావరకు నిర్ణయించేది ఇదే. తరగతి గది నేల చదరపు మీటరుకు సుమారు 200 నుంచి 300 కిలోల బరువు మోయాలని నిర్మాణ కోడ్‌లు చెబుతాయి. పుస్తకాల బీరువాలు వరసలుగా పెట్టే గదికైతే 600 కిలోలకు పైమాటే. పాత భవనంలో లైబ్రరీని పై అంతస్తులో పెట్టాలని ముచ్చటపడితే నేలను బలపరచడానికే సగం డబ్బు పోతుంది. కింద పెడితే ఆ ఖర్చే ఉండదు. చిన్న పిల్లలూ, నడవడం కష్టమైన పిల్లలూ కిందే. ర్యాంపుకు చాలా దేశాలు పాటించే వాలు 1:12, అంటే 45 సెంటీమీటర్ల గుమ్మం ఎక్కడానికి 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. అంత చోటు ముందు వాకిట్లో ఉందో లేదో టేపు పట్టి చూడండి. ఆఫీసుగానో ఇల్లుగానో కట్టిన భవనాన్ని బడిగా వాడాలంటే వినియోగ మార్పు అనుమతి కూడా కావాలి. దాంతో పాటే రెండో మెట్ల దారి, అగ్నిమాపక ఏర్పాట్లు, మరుగుదొడ్ల సంఖ్య లాంటి షరతులన్నీ వస్తాయి.

ఈ రెండూ చేతికొచ్చాక ఎస్టిమేట్‌ను మూడు కుప్పలుగా విడదీయండి. నేను చెప్పదలచుకున్నదంతా నిజానికి ఇక్కడే ఉంది. భవనం మొత్తానికి ఒకే అంకె వేసి ఒకే తలుపు తట్టేవాళ్లు చాలాసార్లు ఖాళీ చేతులతో తిరిగొస్తారు. మొదటి కుప్ప, భవనం నిలబడటానికి కావలసినది: కప్పు, దూలాలు, గోడలు, డ్రెయిన్లు. రెండోది, పిల్లల్ని లోపలికి రానివ్వాలంటే చట్టం అడిగేది: వైరింగు, ర్యాంపు, అత్యవసర దారులు, మరుగుదొడ్లు. మూడోది, చదువుకు కావలసినది: ల్యాబ్ బల్లలు, లైబ్రరీ, వర్క్‌షాప్ యంత్రాలు, వాయిద్యాల గది.

మొదటి కుప్పకు ప్రభుత్వ మూలధన నిధి కానీ, దీర్ఘకాలిక అప్పు కానీ, బాండ్లు కానీ సరైనవి. కప్పు దశాబ్దాల పాటు ఉంటుంది, దాని అప్పును దశాబ్దాల పాటు తీర్చడంలో న్యాయం ఉంది. అదే అప్పుతో కంప్యూటర్లు కొనకండి. అవి మూలపడ్డాక కూడా వాయిదాలు కడుతూనే ఉంటారు. రెండో కుప్పకు భద్రత, దివ్యాంగుల సౌకర్యాలు, పారిశుద్ధ్యం పేరుతో విడిగా పథకాలు ఉంటాయి. బడి మరమ్మతు అని రాస్తే ఆ పథకాలవాళ్లకు పట్టదు, ఎంతమంది పిల్లలు ఏ గదిలోకి ఇప్పుడు వెళ్లలేకపోతున్నారో రాస్తే పడుతుంది. మూడో కుప్ప దాతలది, కంపెనీలది, పూర్వ విద్యార్థులది.

చిక్కల్లా దాతలు ముందొస్తారు, కప్పు డబ్బు ఆలస్యంగా వస్తుంది. ఒక పెద్దాయన లైబ్రరీకి చెక్కు పట్టుకునే వచ్చారు.

"అమ్మా, వచ్చే నెలలోనే ప్రారంభిద్దాం. మా నాన్నగారి పేరు పెట్టాలి" అన్నారు.

"తప్పకుండా పెడదాం సార్. కానీ ఆ గది కప్పు కారుతోంది. పుస్తకాలు తడిస్తే మీ నాన్నగారి పేరు కిందే తడుస్తాయి" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, కప్పు పూర్తయినట్టు ఇంజనీరు సర్టిఫికెట్ ఇచ్చిన రోజునే డబ్బు విడుదలయ్యేలా ఒప్పందం రాసుకున్నాం. ఆ ఒప్పందం కాపీని మేము కప్పు నిధికి పెట్టుకున్న దరఖాస్తుకు జతచేశాం. గది లోపలి పనులకు డబ్బు సిద్ధంగా ఉందని తెలిశాక కప్పుకిచ్చే అధికారికి కూడా ధైర్యం వచ్చింది. దాతను వదులుకోకండి, ఆయన మాటను కాగితం మీద పెట్టించి వరుసలో నిలబెట్టండి.

భూకంపం వచ్చే ప్రాంతమైతే గోడలు బలపరిచే ఖర్చును ఎప్పుడూ చివరికి నెట్టకండి. 1933 మార్చి 10న అమెరికాలోని లాంగ్ బీచ్‌లో భూకంపం వచ్చి ఎన్నో బడి భవనాలు కూలాయి. సాయంత్రం ఆరు కావస్తుండగా రావడంతో ఎక్కువమంది పిల్లలు బళ్లలో లేరు. నెల తిరిగేసరికి కాలిఫోర్నియా ప్రభుత్వ బళ్ల నిర్మాణాన్ని రాష్ట్ర పర్యవేక్షణలోకి తెచ్చే ఫీల్డ్ చట్టం చేసింది. నిధుల కమిటీ ముందు "ఇప్పటిదాకా ఏమీ కాలేదు కదా" అనే మాట వచ్చినప్పుడు నేను ఈ సంగతే చెబుతాను.

వారసత్వ భవనాల నిధుల గురించి ఒక్క మాట. డబ్బు ఉంటుంది, షరతులూ ఉంటాయి: పాత కిటికీలు అలాగే ఉంచాలి, సున్నపు గారనే వాడాలి. సున్నం విషయంలో వాళ్లే రైటు. పాత సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే లోపలి తడి బయటికి పోలేక కొన్నేళ్లకు పెచ్చులూడిపోతుంది. కానీ ఎవరికి వర్తిస్తుందో చదవండి. అమెరికాలో చారిత్రక భవనాల పునరుద్ధరణ ఖర్చులో 20 శాతం పన్ను క్రెడిట్ ఉంది, అది ఆదాయం తెచ్చే భవనాలకు. పన్నే కట్టని ప్రభుత్వ బడికి నేరుగా ఒరిగేదేమీ లేదు.

ఏ నిధైనా సరే, సంతకం పెట్టే ముందు నాలుగు సంగతులు అడగండి. డబ్బు ముందిస్తారా, ఖర్చు పెట్టి బిల్లులు చూపిస్తే ఇస్తారా? మంజూరుకు ముందు మొదలైన పనిని లెక్కలోకి తీసుకుంటారా? మా వాటా ఎంత, శ్రమదానం వాటాగా ఒప్పుకుంటారా? భవనం బడి పేరున లేకపోతే లీజు ఎన్నేళ్లు ఉండాలి? మొదటి ప్రశ్న అడగక నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. గ్రాంటు మంజూరైందని సంబరపడ్డాం, తీరా చూస్తే బిల్లులు చెల్లించాకే డబ్బు ఇస్తారట. కాంట్రాక్టరుకు ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. కప్పు సగం విప్పి ఉంది. టార్పాలిన్లు కట్టి నాలుగు నెలలు గడిపాం, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. ఇప్పుడు ప్రతి ప్రాజెక్టుకూ నెలనెలా ఎంత వస్తుంది, ఎంత పోతుంది అనే పట్టిక వేసి, లోటు పడే నెలల కోసం ముందే అప్పు మాట్లాడి పెట్టుకుంటాను.

ఊహించని ఖర్చుల కింద కొత్త భవనానికి 10 శాతం వేస్తే, పాతదానికి నేను 20 శాతం వేస్తాను. కమిటీలో ఎవరో ఒకరు దాన్ని కొట్టేయమంటారు. కొట్టేయనివ్వకండి. తగ్గించక తప్పకపోతే ఒక గదిని తర్వాతి దశకు వాయిదా వేయండి. దశలు కూడా ఎక్కడ ఆగినా అప్పటిదాకా చేసింది వాడుకునేలా ఉండాలి: కప్పూ డ్రెయిన్లూ పూర్తిగా, తర్వాత కింది అంతస్తు పూర్తిగా, ఆ తర్వాతే పైది. అన్ని గదులూ సగం సగం చేసి డబ్బు అయిపోతే ఒక్క క్లాసు కూడా పెట్టలేరు. కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, ఏటా కప్పు శుభ్రం చేయించడం ఎవరి పద్దులో ఉంటాయో కూడా ముందే రాయించుకోండి.

చివరగా, కాంట్రాక్టరు బిల్లులో 5 శాతమైనా ఒక వానాకాలం గడిచేదాకా ఆపి ఉంచే షరతు ఒప్పందంలో పెట్టండి. రంగులు వేసేవాళ్లు మీ పెన్సిల్ గీతల్ని కప్పేస్తారు, పాత ఫొటోలు దగ్గరుంచుకుని అవే చోట్ల మళ్లీ గీయండి. మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు పొద్దున్నే వెళ్లి ఒక్కో గీతా చూడండి. ఎక్కడైనా గోడ చెమ్మగిల్లితే ఆపి ఉంచిన డబ్బు దానికే.