టెస్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం ఎలా: గోదావరి డెల్టాలోని చిన్న క్యూఏ (నాణ్యత పరీక్షించే) బృందాల కోసం

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం వంటి ఊళ్లలో ఉంటూ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థల్లో టెస్టింగ్ బృందం సాధారణంగా నలుగురితోనో ఆరుగురితోనో మొదలవుతుంది. వారి టెస్ట్ కేసులన్నీ, అంటే ఏమి చేసి చూడాలో, ఏ ఫలితం రావాలో రాసుకున్న పరీక్షలన్నీ, ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంటాయి. ఆ షీట్‌తో వేగలేని రోజు వచ్చినప్పుడు, ఈ కేసులనూ వాటి ఫలితాలనూ భద్రపరిచే పేరున్న సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి కొనేద్దామన్న తొందర పుడుతుంది. ఆ తొందరలో తీసుకున్న నిర్ణయాన్ని బృందం కొన్నేళ్లపాటు మోయవలసి వస్తుంది. అందుకే కొనుగోలుకు ముందు ఏమేమి చూడాలో, ఏ క్రమంలో చూడాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మా సొంత అనుభవంతో మొదలుపెడతాను. రొయ్యల కొనుగోలుదారుల కోసం మేము ఒక బిల్లింగ్ యాప్ తయారుచేశాము. చెరువు దగ్గర పట్టుబడి రోజున శాంపిల్ తూచి, కిలోకు ఎన్ని రొయ్యలు వచ్చాయో లెక్కపెట్టి, దానిని కౌంటు అంటారు. కౌంటు పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. ధరల పట్టిక 30, 40, 50, 60 అని పదుల మెట్లలో ఉంటుంది. సోమవారం వచ్చిన బిల్డ్ (ఆ రోజు కోడ్‌తో తయారైన యాప్) మీద మా టెస్టర్ ఈ లెక్క మొత్తం పరీక్షించి షీట్‌లో ‘పాస్’ అని రాశాడు. బుధవారం డెవలపర్ ధరల పట్టికను చదివే కోడ్‌ను మార్చాడు. గురువారం నేను షీట్ తెరిచి, అన్ని గడులలోనూ ‘పాస్’ ఉండటం చూసి రిలీజ్‌కు ఒప్పుకున్నాను. 50 కౌంటు సరుకుకు 60 కౌంటు ధర పడిన బిల్లును చివరకు ఒక రైతు చెరువు గట్టు మీదే పట్టుకున్నాడు. షీట్‌లో అబద్ధం ఏమీ లేదు; ఆ ‘పాస్’ ఏ బిల్డ్ మీద వచ్చిందో రాసుకునే చోటే అందులో లేదు.

కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌ను చూసినా నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: ఈ టెస్ట్ కేసు, దాని ఏ వెర్షన్, ఏ బిల్డ్ మీద, ఏ డేటాతో, ఎవరి చేత, ఎప్పుడు నడిచిందో ఆరు నెలల తరువాత సంబంధం లేని మనిషి కూడా చూసి చెప్పగలడా? మంచి సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ కేసు వేరు, దానిని నడిపిన రన్ వేరు. కేసు ఒక్కటే ఉంటుంది. ప్రతి బిల్డ్‌కూ కొత్త రన్ పుడుతుంది. పాత రన్ ఫలితం చెరిగిపోదు. ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. ఒక కేసును జనవరిలో నడిపి, మార్చిలో దాని స్టెప్పులు మార్చితే, జనవరి రన్‌ను తెరిచినప్పుడు అప్పటి స్టెప్పులు కనిపించాలా, ఇప్పటివి కనిపించాలా? అప్పటివే కనిపించాలి. లేకపోతే మనం నడపని స్టెప్పులను నడిపినట్టు రికార్డు చెబుతుంది. డెమో చూపించే ప్రతినిధిని మాటలతో అడిగి వదిలేయకుండా, అతని ఎదుటే ఒక కేసును నడిపించి, మార్పించి, పాత రన్‌ను తెరిపించి చూడండి.

ఏ సాఫ్ట్‌వేర్‌నూ చూడకముందే చేయవలసిన పని మరొకటి ఉంది: మన షీట్‌ను మనం శుభ్రం చేసుకోవడం. వెయ్యి వరుసల షీట్‌ను ఉన్నదున్నట్టుగా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే ఆ గందరగోళమే నెలనెలా డబ్బు కట్టే చోటికి మారుతుంది. ముఖ్యమైన అరవై కేసులను ఎంచుకుని, ఒక్కొక్కదానికి ముందస్తు స్థితి, స్టెప్పులు, రావలసిన ఫలితం విడివిడిగా రాయండి. మా షీట్‌లో ఒక కేసుకు రావలసిన ఫలితం ‘బిల్లు సరిగ్గా రావాలి’ అని ఉండేది. దానిని ఇలా మార్చాము: ‘కౌంటు 47, బరువు 820 కిలోలు, పరీక్ష పట్టికలో 40 కౌంటుకు 400 రూపాయలు, 50 కౌంటుకు 360 రూపాయలు, వ్యాపారి నియమం పై మెట్టు కౌంటు (50) ధర, బిల్లు మొత్తం 2,95,200 రూపాయలు రావాలి.’ ఇప్పుడు ఆ కేసును నిన్న చేరిన టెస్టర్ అయినా నడపగలడు, ఫెయిల్ అయితే ఎక్కడ తప్పిందో చూపించగలడు.

ఆ కేసును రాస్తున్నప్పుడే మాకు కావలసిన ఇంకొక సౌకర్యం తెలిసింది. మెట్ల దగ్గర తప్పులు అంచుల్లోనే దొరుకుతాయి కాబట్టి 40, 41, 49, 50, 51 కౌంట్లు అన్నింటినీ పరీక్షించాలి. స్టెప్పులు ఒక్కటే, అంకెలు మాత్రమే మారుతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒకే కేసు కింద డేటా వరుసలు పెట్టి, ప్రతి వరుసకూ విడిగా పాస్, ఫెయిల్ నమోదు చేయవచ్చు. ఆ వీలు లేని చోట అదే కేసును ఐదుసార్లు కాపీ చేయాలి. స్క్రీన్‌లో ఒక బటన్ పేరు మారితే ఐదుచోట్ల దిద్దాలి, అందులో ఒకటి తప్పకుండా మిగిలిపోతుంది. లాగిన్ వంటి పదేపదే వచ్చే స్టెప్పులను ఒకచోట రాసి అనేక కేసుల్లో వాడుకునే వీలు కూడా ఇలాంటిదే. బియ్యం మిల్లుల లెక్కలు, హేచరీల స్టాకు, సహకార సంఘాల వడ్డీ వంటి అంకెలతో నిండిన సాఫ్ట్‌వేర్లు చేసేవారు ఈ రెండు సౌకర్యాలకు, రంగురంగుల డాష్‌బోర్డుల కంటే ఎక్కువ విలువ ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ఇక మార్కెట్లో దొరికేవాటిని స్థూలంగా మూడు రకాలుగా చూడవచ్చు. బగ్గులను, పనులను నమోదు చేసుకునే జిరా లోపలే యాప్‌గా పనిచేసే ఎక్స్‌రే, జెఫైర్ వంటివి మొదటి రకం. టెస్ట్‌రైల్, క్యూటెస్ట్ వంటివి విడిగా నిలబడి జిరాతో గాని వేరే బగ్ ట్రాకర్‌తో గాని ముడిపడేవి. టెస్ట్‌లింక్, కివీ టీసీఎంఎస్ వంటివి ఓపెన్ సోర్సువి. మన సొంత సర్వర్ మీద ఎక్కించుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అజ్యూర్ డెవాప్స్ వాడేవారికి అందులోనే టెస్ట్ ప్లాన్స్ అనే భాగం ఉంది. డెవలపర్లు ఇప్పటికే ఏ చోట బగ్గులు చూస్తున్నారో ఆ చోటికి దగ్గరగా ఉన్నదానితో పరిశీలన మొదలుపెట్టడం మేలు. ఫెయిల్ అయిన స్టెప్పు నుంచి ఒక్క నొక్కుతో బగ్ తయారై, స్టెప్పులు, బిల్డ్ నంబరు, స్క్రీన్‌షాట్ తమంతట తామే అందులో చేరకపోతే, టెస్టర్ ఆ వివరాలను రెండుసార్లు టైపు చేస్తాడు. మూడో వారం నుంచి ఒకసారే చేస్తాడు, అది కూడా వాట్సాప్‌లో.

ధర విషయంలో లైసెన్సును ఎవరి తల మీద లెక్కిస్తారో మొదట తెలుసుకోవాలి. జిరా క్లౌడ్‌లో చేర్చే యాప్‌లకు టెస్టర్ల సంఖ్యను బట్టి కాకుండా, ఆ జిరాలో ఉన్న వాడుకదారులందరి సంఖ్యను బట్టి డబ్బు కట్టాలి. సంస్థలో జిరా వాడేవారు నలభై మంది, టెస్టర్లు ఆరుగురు అయితే లెక్క నలభైకే పడుతుంది. విడిగా నిలబడే సాఫ్ట్‌వేర్‌లో ఆరు లైసెన్సులు చాలు అనిపిస్తుంది గాని, రిపోర్టు చూడవలసిన మేనేజరుకు, క్లయింటుకు, డెవలపర్లకు కూడా లాగిన్ కావాలంటే చూడటానికి మాత్రమే పనికివచ్చే ఖాతాలు ఉచితమా, వాటికీ డబ్బు కట్టాలా అన్నది అడగాలి. విదేశీ సంస్థ నుంచి కొంటే, జీఎస్టీ నమోదు ఉన్న మన సంస్థే రివర్స్ చార్జ్ పద్ధతిలో 18 శాతం పన్ను కట్టవలసి ఉంటుంది. ఇన్‌పుట్ క్రెడిట్ ఎంత తిరిగి వస్తుందో మీ ఆడిటరుతో ముందే మాట్లాడుకోండి. కార్డుతో ఆటో డెబిట్ పెట్టుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. రిజర్వు బ్యాంకు 2022లో సవరించిన నిబంధన ప్రకారం ఇలాంటి చందాల్లో 15,000 రూపాయలు దాటిన ప్రతి చెల్లింపుకూ ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణ కావాలి. ఆ ఓటీపీ సెలవులో ఉన్న మనిషి ఫోన్‌కు వెళితే చెల్లింపు ఆగి, సరిగ్గా రిలీజ్ వారంలో ఖాతా స్తంభించే ప్రమాదం ఉంది.

ఓపెన్ సోర్సుకు లైసెన్సు ఖర్చు లేకపోయినా కాపలా ఖర్చు ఉంటుంది. టెస్ట్‌లింక్ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మీద నడుస్తుంది. దానికి కొత్త విడుదలలు వచ్చే వేగం కొన్నేళ్లుగా తగ్గింది. కివీ టీసీఎంఎస్ జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ మీద కట్టినది, కావలసినవన్నీ ఒక మూటగా ఇచ్చే డాకర్‌తో ఎక్కించవచ్చు. ఏదైనా సరే, సర్వర్ పేచీ పెడితే చూసే మనిషి బృందంలో ఉండాలి. మన ప్రాంతంలో అక్టోబరు, నవంబరు నెలలంటే తుఫానుల కాలం. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమను ఎలా కుదిపేసిందో పెద్దవారు ఇప్పటికీ చెబుతారు. ఆఫీసు గదిలో టేబుల్ కింద పెట్టిన సర్వర్‌కు యూపీఎస్ ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. డేటాబేస్‌ను, అటాచ్‌మెంట్లు ఉన్న ఫోల్డరును రెండింటినీ ప్రతి రాత్రి ఊరి బయట ఉన్న చోటికి బ్యాకప్ పంపాలి. ఆ బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్ మీద మొత్తం తిరిగి లేపి ఒక్కసారైనా చూడాలి. అలా చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కించను.

తెలుగు లిపి పరీక్షను మాత్రం ఎవరూ వదలవద్దని కోరుతున్నాను. మన యాప్‌లలో ఊళ్ల పేర్లు, రైతుల పేర్లు తెలుగులో ఉంటాయి, కాబట్టి టెస్ట్ కేసుల్లోనూ తెలుగు వస్తుంది. ట్రయల్‌లో ‘పాలకొల్లు’, ‘కొత్తపేట’ అనే పేర్లతో రెండు కేసులు రాయండి. మొదట వెతుకు పెట్టెలో ఆ పేర్లు కొట్టి దొరుకుతున్నాయో లేదో చూడండి. తరువాత పీడీఎఫ్ రిపోర్టు తీయండి. తెలుగు ఫాంటు లేకపోతే ఆ పేర్ల చోట ఖాళీ గడులు వస్తాయి, ఫాంటు ఉన్నా అక్షరాలను కూర్చే పద్ధతి సరిగా లేకపోతే ఒత్తులు విడిపోయి ‘కొత్‌తపేట’ అన్నట్టుగా అచ్చవుతుంది. ఆపైన సీఎస్‌వీ తీసి ఎక్సెల్‌లో నేరుగా తెరవండి. ఫైలు యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ఉండి, ఆ సంగతి తెలిపే గుర్తు (బీఓఎం) మొదట్లో లేకపోతే ఎక్సెల్ దానిని వేరే ఎన్‌కోడింగ్‌గా భావించి తెలుగును పిచ్చి గీతలుగా చూపిస్తుంది. డేటా ట్యాబ్ నుంచి ఫైలును తెచ్చుకుని యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిగా వస్తుంది గాని, ఆ సంగతి తెలియని క్లయింటు మాత్రం రిపోర్టే పాడైందనుకుంటాడు.

ఎగుమతి మాట వచ్చింది కాబట్టి, బయటపడే దారి గురించి చెప్పాలి. ఈ రంగంలో సాఫ్ట్‌వేర్లు చేతులు మారుతూనే ఉంటాయి. ఒకప్పుడు మెర్క్యురీ సంస్థది అయిన క్వాలిటీ సెంటర్ అనే టెస్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ 2006లో హెచ్‌పీకి, 2017లో మైక్రో ఫోకస్‌కు, 2023లో ఓపెన్‌టెక్స్ట్‌కు చేరింది. జిరా సర్వర్ వెర్షన్‌కు దాని తయారీ సంస్థ అట్లాసియన్ 2024 ఫిబ్రవరి 15తో మద్దతు ఆపింది. కాబట్టి కొనే రోజే తిరిగి వెళ్లే దారిని పరీక్షించాలి. కేసులు, స్టెప్పులు, ఫోల్డర్ల అమరిక, రన్‌ల చరిత్ర, అటాచ్‌మెంట్లు, బగ్గులతో ఉన్న లింకులు అన్నీ బయటకు వస్తున్నాయో లేదో చూడండి. కేసులను తేలికగా ఇచ్చి, రన్‌ల చరిత్రను మాత్రం ఏపీఐ (ప్రోగ్రాం రాసి డేటా తీసుకునే దారి) ద్వారా ఒక్కొక్కటిగా లాగమనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మన దగ్గర ఏపీఐని వాడి కోడ్ రాయగల మనిషి లేకపోతే ఆ చరిత్ర పోయినట్టే.

ఆటోమేషన్ ఉన్నవారు, అంటే పరీక్షలను ప్రోగ్రాంతో నడిపేవారు, సెలీనియం లేదా ప్లేరైట్ వంటి పరికరాల ఫలితాలను జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు రూపంలో పంపి, ప్రతి ఫలితం సరైన కేసుకే చేరుతున్నదో లేదో చూస్తే చాలు. ఆటోమేషన్ ఇంకా మొదలుపెట్టనివారు దీనికోసం ఇప్పుడే ఎక్కువ ధర పెట్టనవసరం లేదు.

స్క్రీన్‌షాట్ల విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. నిజమైన రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న తెరలను అటాచ్ చేస్తే అవి ఎక్కడో ఉన్న సర్వర్‌లో ఏళ్లపాటు ఉండిపోతాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచినా, నమ్మి ఇచ్చిన వివరాలను అలా వదలడం తప్పు. పరీక్షలకు కల్పిత డేటా వాడండి. క్లయింటు లాగిన్‌కు తన ప్రాజెక్టు తప్ప వేరేది కనిపించకుండా అనుమతులు ఉన్నాయో లేదో చూడండి.

చివరికి ట్రయల్. చాలా సంస్థలు 14 రోజులో 30 రోజులో ఉచితంగా ఇస్తాయి. ఆ అరవై కేసులు సిద్ధం కాకముందు ఖాతా తెరిస్తే సగం గడువు టైపు చేయడంలోనే పోతుంది. సంక్రాంతి ముందు వారంలో అసలు మొదలుపెట్టవద్దు. మన ఊళ్లలో ఆ వారం పది రోజులు ఆఫీసులో ఎవరూ మిగలరు. రెండు సాఫ్ట్‌వేర్లకు మించి పోల్చవద్దు. ఒక నిజమైన రిలీజ్‌ను వాటిలో నడపండి. అందరికంటే కొత్తగా చేరిన టెస్టర్‌కు ఒకదానిని, అనుభవజ్ఞుడికి మరొకదానిని ఇచ్చి, రిలీజ్ సగంలో ఒకరిది మరొకరికి మార్చండి. ఒక ఫెయిల్‌ను బగ్‌గా మార్చడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోమనండి. ఫీల్డ్‌లో పరీక్షించేవారు ఉంటే చెరువు గట్టు మీద, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట, ఫోన్‌లో రన్ తెరిచి కాటా ఫొటోను అటాచ్ చేసి చూడాలి. ఆఫీసు వైఫైలో చక్కగా కనిపించిన పేజీ అక్కడ తెరుచుకోకపోవచ్చు. ఎంపికలో టెస్టర్ల మాటకే మొదటి బరువు ఇవ్వండి, ఎందుకంటే రాత్రి పది గంటలకు ఫలితాలు నింపేది వారే.

ఎంచుకున్న తరువాత ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజు నుంచి పాత ఎక్సెల్ షీట్‌ను చదవడానికి మాత్రమే వీలుండేలా మార్చండి. రెండింటిలోనూ కొంతకాలం రాద్దామనుకుంటే రెండూ సగం సగమే నిండుతాయి. ఫోల్డర్లకు, బిల్డ్ నంబర్లకు పేర్లు పెట్టే పద్ధతిని ఒక పేజీలో రాసి, కొత్త కేసులను ఆమోదించే బాధ్యతను ఒకరికి అప్పగించి, మిగిలిన పాత కేసులను ఆయా మాడ్యూల్ రిలీజ్‌కు వచ్చినప్పుడు శుభ్రం చేసుకుంటూ లోపలికి తెచ్చుకోండి.